కెర్నల్‌లో మెమరీ లీక్: పోయిన పేజీల లెక్క తేల్చడం ఎలా

మామూలు ప్రోగ్రామ్‌లో మెమరీ లీకైతే దాన్ని ఆపేస్తే గొడవ వదిలిపోతుంది. అది తీసుకున్నదంతా ఆపరేటింగ్ సిస్టమే వెనక్కి లాక్కుంటుంది. ఆ సిస్టమ్ గుండె అయిన కెర్నల్ దగ్గర అలా లాక్కునేవాళ్లు ఎవరూ లేరు. మెమరీ అడిగే కేమాలక్ ఫంక్షన్‌తో తీసుకున్న 192 బైట్లకి, తిరిగిచ్చే కేఫ్రీ పిలవడం మరిచిపోతే అవి రీబూట్ దాకా అక్కడే పడి ఉంటాయి. అడిగిన ప్రాసెస్ ముగిసిపోయినా, డ్రైవర్ మాడ్యూల్‌నే తీసేసినా తిరిగి రావు. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌లోనో రూటర్‌లోనో ఇలా చుక్క చుక్కగా చేరి, చివరికి ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగం) లేచి ఏ పాపం ఎరగని డేటాబేస్‌ని చంపుతుంది. లాగ్‌లో కనిపించేది ఆ చచ్చిన ప్రాసెస్ పేరే కాబట్టి చాలామంది రోజుల తరబడి అక్కడే తవ్వుతారు.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్ కెర్నల్ గురించి. ఆదేశాల పేర్లు, ఫైళ్ల పేర్లు పలికేటట్టుగా రాశాం; టైప్ చేసేటప్పుడు అసలు స్పెల్లింగే వాడాలి.

ముందు అది లీకేనా?

ఫ్రీ మెమరీ తగ్గినంత మాత్రాన లీకైనట్టు కాదు. ర్యామ్‌ని కెర్నల్ పేజీలు అనే ముక్కలుగా పంచుతుంది. ఖాళీగా ఉన్నవాటిని ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్లని పేజ్ క్యాష్‌లో దాచుకుంటుంది. అందుకే ప్రాక్ (కెర్నల్ తన వివరాలు చూపించే డైరెక్టరీ) కింద ఉండే మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో మెమ్‌ఫ్రీ వరసని వదిలేసి మెమ్‌అవైలబుల్ వరస చూడండి. 3.14 కెర్నల్ నుంచి ఇది ఉంది. అవసరమైతే స్వాప్‌కి (డిస్క్‌లోని అదనపు చోటుకి) పోకుండా ఎంత ఇవ్వగలదో కెర్నల్ తనే వేసిన అంచనా అది.

ఇంకా అనుమానం ఉంటే ఒకసారి సింక్ నడిపి, ప్రాక్, సిస్, వీఎం కింద ఉన్న డ్రాప్ క్యాషెస్ ఫైల్‌లో 3 రాయండి. 1 రాస్తే పేజ్ క్యాష్ పోతుంది, 2 రాస్తే డెంట్రీలు, ఐనోడ్లు (ఫైళ్ల పేర్లు, వివరాల కాపీలు) పోతాయి, 3 రాస్తే రెండూ. డిస్క్‌కి ఇంకా రాయని పేజీలని ఇది ముట్టుకోదు, సింక్ ముందు నడపమన్నది అందుకే. దీన్ని గంటకోసారి క్రాన్‌లో పెట్టి లీక్ తగ్గిందని సంబరపడేవాళ్లు ఉంటారు. ఇది పరీక్ష కోసం మాత్రమే. రోజూ చేస్తే డిస్క్‌కి పని పెరగడం తప్ప ఒరిగేది లేదు.

తర్వాత, పది నిమిషాలకోసారి మెమ్‌ఇన్ఫోనీ, స్లాబ్ (చిన్న బ్లాకులని సైజుల వారీగా ఉంచే డబ్బాలు) లెక్క చెప్పే స్లాబ్‌ఇన్ఫోనీ తేదీ, సమయంతో సహా ఒక ఫైల్‌లో దాచే చిన్న స్క్రిప్ట్ పెట్టి కనీసం ఒక రోజు వదిలేయండి. స్లాబ్‌ఇన్ఫో చదవడానికి రూట్ హక్కులు కావాలి. ఆ అంకెలతో గ్రాఫ్ గీస్తే సగం విషయం అక్కడే తెలుస్తుంది. పెరిగి పెరిగి ఒకచోట ఆగిపోయిన గీత దాదాపు ఎప్పుడూ క్యాషే. ఆగకుండా ఒకే వాలులో పైకి పోతుంటే ఏదో టైమరో, వచ్చే ప్రతి ప్యాకెట్టో కారణం. మెట్లు మెట్లుగా ఎక్కుతుంటే ఆ మెట్టు దగ్గర లాగ్‌లో ఏం జరిగిందో చూడండి. నెట్‌వర్క్ లింక్ పడి లేవడం, యూఎస్‌బీ పరికరం తీసి పెట్టడం, కంటైనర్ మొదలై ఆగడం లాంటివి బయటపడతాయి. లీక్‌ని తెప్పించే పని దొరికితే మిగతా వెతుకులాట వారాల నుంచి గంటల్లోకి వస్తుంది.

ఏ ఖాతాలోకి పోయింది?

ఇది తేల్చకుండా ఏ టూల్ పట్టుకున్నా సమయం దండగ, ఎందుకంటే ఒక్కో టూల్‌కి ఒక్కో ఖాతానే కనిపిస్తుంది.

మెమ్‌ఇన్ఫోలోని మెమ్‌టోటల్ నుంచి మెమ్‌ఫ్రీ, బఫర్స్, క్యాష్డ్, అనాన్‌పేజెస్, స్లాబ్, కెర్నల్‌స్టాక్, పేజ్‌టేబుల్స్, పర్‌సీపీయూ, వీమాలక్‌యూజ్డ్ తీసేయండి. హ్యూజ్ పేజీలు కేటాయించి ఉంటే హ్యూజ్‌టీఎల్‌బీ వరసనీ తీసేయాలి. షేర్డ్ మెమరీ క్యాష్డ్‌లోనే కలిసి ఉంటుంది, మళ్లీ తీసేయకండి. మిగిలిందంతా ఏ ఖాతాకీ ఎక్కని మెమరీ. అది సున్నా కాకపోవడం మామూలే. నెట్‌వర్క్ కార్డులు, గ్రాఫిక్స్ డ్రైవర్లు పేజీలని నేరుగా అడిగి తీసుకుంటాయి, వాటికి వేరే వరస ఉండదు. ఆ మిగులు రోజురోజుకీ పెరుగుతోందా అన్నదే చూడాల్సింది. వర్చువల్ మెషీన్ అయితే బెలూన్ డ్రైవర్ సంగతి ముందే తేల్చుకోండి. హోస్ట్ (అసలు మెషీన్) అడిగినప్పుడు గెస్ట్ (వర్చువల్ మెషీన్) లోపల పేజీలు పట్టి ఉంచడమే దాని పని, చూసేవాళ్లకి మాత్రం అచ్చం లీక్‌లాగే కనిపిస్తుంది.

పెరుగుతున్నది ఎస్‌అన్‌రీక్లెయిమ్ అయితే స్లాబ్‌లో లీక్. ఎక్కువగా తగిలేది ఇదే. ఎస్‌రీక్లెయిమబుల్ పెరిగితే సాధారణంగా డెంట్రీ, ఐనోడ్ క్యాషులే. డ్రాప్ క్యాషెస్‌లో 2 రాసినా దిగకపోతే ఎవరో రిఫరెన్స్ (ఇంకా వాడుతున్నామన్న గుర్తు) పట్టుకుని వదలడం లేదన్నమాట. కెర్నల్‌స్టాక్ పెరిగితే థ్రెడ్లు పేరుకుంటున్నాయి. ఎక్స్86-64లో ఒక్కో థ్రెడ్ స్టాక్ 16 కేబీ, అంటే పదివేల థ్రెడ్లు మిగిలిపోతే 1,60,000 కేబీ. వీమాలక్‌యూజ్డ్ పెరిగితే పని తేలిక, ప్రాక్‌లోని వీమాలక్‌ఇన్ఫో ప్రతి ముక్క పక్కనా అడిగిన ఫంక్షన్ పేరు రాసి పెడుతుంది. పర్‌సీపీయూ పెరుగుతూ, కంటైనర్లు తరచూ పుట్టి చస్తున్న మెషీన్ అయితే సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి వనరుల పరిమితి పెట్టే ఏర్పాటు) డైరెక్టరీలోని సీగ్రూప్ డాట్ స్టాట్ ఫైల్ తెరవండి. డైయింగ్ డిసెండెంట్స్ అంకె వేలల్లో ఉంటే, తీసేసిన సీగ్రూపులు ఏవో పేజీలు ఇంకా తమ పేర ఉండటం వల్ల పూర్తిగా పోలేక వేలాడుతున్నాయి.

స్లాబ్ అని తేలాక స్లాబ్‌టాప్‌ని ఎస్ ఆప్షన్‌కి సీ ఇచ్చి నడిపితే పెద్ద క్యాషులు (స్లాబ్ డబ్బాలకి కెర్నల్ పెట్టిన పేరు, పేజ్ క్యాష్ కాదు) పైకి వస్తాయి. పేరే నేరుగా చెబితే అదృష్టం. ఉదాహరణకి ప్యాకెట్ వివరాలుండే ఎస్‌కేబఫ్ హెడ్ క్యాష్ ఉబ్బుతుంటే నెట్‌వర్క్ దారిలో ఎవరో ప్యాకెట్‌ని విడుదల చేయడం లేదు. చాలాసార్లు పైన ఉండేది కేమాలక్-192 లాంటి ఉమ్మడి డబ్బానే. అందులో ఎవరి సరుకైనా ఉండొచ్చు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. సైజు, లక్షణాలు కలిసిన క్యాషులని స్లబ్ అలొకేటర్ (స్లాబ్‌ని నడిపే కెర్నల్ కోడ్) ఒకటిగా కలిపేస్తుంది. మీరు చూస్తున్న పేరు వెనక మరో మూడు క్యాషులు దాగి ఉండొచ్చు. బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్ల వరసలో) స్లాబ్ నోమెర్జ్ ఇచ్చి మళ్లీ కొలిస్తే అవి విడివిడిగా కనిపిస్తాయి.

కేమెమ్‌లీక్

లీకులు వెతికే ఈ టూల్ 2009లో 2.6.31 కెర్నల్‌తో వచ్చింది. టెస్ట్ కెర్నల్‌ని డీబగ్ కేమెమ్‌లీక్ కాన్ఫిగ్‌తో (కట్టేటప్పుడు ఎంచుకునే ఆప్షన్‌తో) కట్టండి. డీఫాల్ట్‌గా ఆఫ్ అయ్యేలా కట్టి ఉంటే బూట్ లైన్‌లో కేమెమ్‌లీక్ ఈక్వల్ ఆన్ ఇవ్వాలి. పని చేసే తీరు చెత్త ఏరే భాషల గార్బేజ్ కలెక్టర్ లాంటిదే. ప్రతి అలొకేషన్‌నీ (తీసుకున్న ప్రతి మెమరీ ముక్కనీ) గుర్తుపెట్టుకుని, గ్లోబల్ డేటా, పర్‌సీపీయూ డేటా, స్టాకులు, ఇంకా తెలిసిన బ్లాకులన్నీ వెతుకుతుంది. ఎక్కడా తన పాయింటర్ (చిరునామా) దొరకని బ్లాక్‌ని అనుమానితుడిగా రాస్తుంది. దానంతట అది పది నిమిషాలకోసారి వెతుకుతుంది, కానీ అంతసేపు ఆగనక్కర్లేదు. డీబగ్‌ఎఫ్ఎస్‌లో (డీబగ్గింగ్ కోసం కెర్నల్ చూపించే ఫైళ్ల డైరెక్టరీలో) ఉన్న కేమెమ్‌లీక్ ఫైల్‌తో ఈ వరసలో పని చేయండి: ముందు క్లియర్ అని రాసి పాత అనుమానాలన్నీ తుడవండి, లీక్ తెప్పించే పనిని వందసార్లు చేయండి, స్కాన్ అని రాయండి, ఐదారు సెకన్లు ఆగి మళ్లీ స్కాన్ రాయండి, అప్పుడు ఫైల్ చదవండి. ఐదు సెకన్లు కూడా నిండని బ్లాక్‌ని అది అసలు రిపోర్ట్ చేయదు. ఒక్క స్కాన్‌లో వచ్చి రెండోదానిలో మాయమైనవి ఆ క్షణానికి పాయింటర్ రిజిస్టర్‌లో ఉన్నవే, వాటిని పట్టించుకోకండి. పొరపాటున ఆఫ్ అని రాయకండి, మళ్లీ ఆన్ చేయాలంటే రీబూటే దారి.

రిపోర్ట్‌లో మొదటి వరస బ్లాక్ చిరునామా, సైజు. ఆ సైజు డబ్బా సైజు. మీ స్ట్రక్చర్ 170 బైట్లే అయినా 192 అని ఉంటుంది. తర్వాత అడిగినప్పుడు నడుస్తున్న ప్రాసెస్ పేరు, పీఐడీ. ఆ కింద మొదటి 32 బైట్ల హెక్స్ డంప్. దీన్ని చాలామంది దాటేస్తారు, కానీ తీరిగ్గా చూడాల్సింది ఇదే. అందులో పరికరం పేరో, ఇంటర్‌ఫేస్ పేరో అక్షరాలుగా ఉంటే స్ట్రక్చర్ ఏదో వెంటనే తెలిసిపోతుంది. మొదటి రెండు ఎనిమిది బైట్ల అంకెలూ ఒకటే అయి, అవి ఆ బ్లాక్ చిరునామానే చూపిస్తుంటే అది ఖాళీ లిస్ట్ హెడ్, అంటే స్ట్రక్చర్ లిస్ట్ హెడ్‌తోనే మొదలవుతుంది. చివర్లో బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచి అక్కడికి వచ్చిందో ఆ వరస. ఫంక్షన్ పేరు, ఆఫ్‌సెట్‌ని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని ఎఫ్ఏడీడీఆర్2లైన్‌కి, డీబగ్ సమాచారంతో కట్టిన కెర్నల్ ఫైల్ వీఎంలినక్స్‌తో కలిపి ఇస్తే సోర్స్‌లో వరస నంబర్ చెబుతుంది.

దీని పరిమితులు గుర్తుంచుకోవాలి. నేరుగా అలొక్ పేజెస్‌తో తీసుకున్న పేజీలని ఇది చూడదు. ఒక బ్లాక్ పాయింటర్ అలాంటి పేజీలో మాత్రమే ఉంటే, లీక్ కాకపోయినా లీక్ అంటుంది. చచ్చిన పాయింటర్ విలువ ఏ స్టాక్‌లోనో చెరగకుండా మిగిలితే నిజమైన లీక్‌ని వదిలేస్తుంది. అలారం తప్పని నిర్ధారించుకున్నాక మాత్రమే కోడ్‌లో కేమెమ్‌లీక్ నాట్ లీక్ పిలవండి. అర్థం కాని రిపోర్ట్ నోరు మూయించడానికి దాన్ని వాడితే లీక్ అక్కడే ఉంటుంది, కనిపించడం మాత్రం మానేస్తుంది.

అన్నిటికంటే పెద్ద పరిమితి వేరే ఉంది. పాయింటర్ ఎక్కడో ఒకచోట ఉన్నంతకాలం కేమెమ్‌లీక్ మాట్లాడదు. ఒక డ్రైవర్ తన ఓపెన్ ఫంక్షన్‌లో డెవ్‌ఎమ్ కేజాలక్ వాడిందనుకోండి. డెవ్‌ఎమ్ మెమరీ పరికరం నుంచి డ్రైవర్ విడిపోయినప్పుడే విడుదలవుతుంది, ఫైల్ మూసినప్పుడు కాదు. ఫైల్‌ని పదివేలసార్లు తెరిచి మూస్తే పదివేల బ్లాకులు పరికరం తాలూకు డెవ్‌రెస్ లిస్ట్‌లో (వనరుల జాబితాలో) పద్ధతిగా వేలాడుతుంటాయి. ప్రతిదానికీ పాయింటర్ ఉంది, కాబట్టి కేమెమ్‌లీక్ లెక్కలో అంతా సవ్యమే. మెమరీ మాత్రం పోతూనే ఉంటుంది. లిస్ట్‌లోకి చేర్చి తీయడం మరిచినవి, రిఫరెన్స్ కౌంట్ ఒకటి ఎక్కువై ఆగిపోయినవి చాలావరకు ఇలాంటివే. కేమెమ్‌లీక్ ఫైల్ ఖాళీగా ఉందని లీక్ లేదనుకుంటే తప్పులో కాలేసినట్టే.

కేమెమ్‌లీక్ ఏమీ చెప్పనప్పుడు

6.10 లేదా ఆ తర్వాతి కెర్నల్ అయితే మెమ్ అలొక్ ప్రొఫైలింగ్ కాన్ఫిగ్ ఉందేమో చూడండి. ఉంటే ప్రాక్‌లో అలొక్‌ఇన్ఫో ఫైల్ వస్తుంది. కోడ్‌లో ప్రతి అలొకేషన్ చోటుకీ ఒక వరస: ప్రస్తుతం ఎన్ని బైట్లు, ఎన్ని అలొకేషన్లు, ఏ ఫైల్‌లో ఎన్నో వరస, ఏ ఫంక్షన్. పేజీలు, స్లాబ్ రెండూ ఇందులోకి వస్తాయి, పాయింటర్ ఉందా లేదా అన్న గొడవ లేదు. గంట తేడాతో రెండు కాపీలు తీసి పోల్చండి, పెరిగిన వరసే మీ నిందితుడు. ఖర్చు కూడా తక్కువ. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. ఒకటే మెలిక, అందరూ పిలిచే ఉమ్మడి హెల్పర్ ఫంక్షన్‌లో అలొకేషన్ ఉంటే హెల్పర్ వరసే కనిపిస్తుంది, దాన్ని ఎవరు పిలిచారో కనిపించదు.

పాత కెర్నల్ అయి స్లాబ్‌లో లీకైతే, బూట్ లైన్‌లో స్లబ్ డీబగ్‌కి యూ అనే అక్షరం, కామా, అనుమానం ఉన్న క్యాష్ పేరు ఇవ్వండి. యూ అంటే ఎవరు తీసుకున్నారో ప్రతి ఆబ్జెక్ట్ పక్కనా రాయమని. క్యాష్ పేరు ఇవ్వకుండా వదిలేస్తే అన్ని క్యాషులూ ఉబ్బుతాయి, మెషీన్ నీరసిస్తుంది. 5.14 నుంచి డీబగ్‌ఎఫ్ఎస్‌లో స్లాబ్ ఫోల్డర్, అందులో క్యాష్ పేరు, దాని కింద అలొక్ ట్రేసెస్ ఫైల్ ఉంటుంది. వరసలు ఎక్కువ నుంచి తక్కువకి పేర్చి ఉంటాయి. మొదట సంఖ్య, తర్వాత ఫంక్షన్, ఆపైన ఏజ్ అని మూడు అంకెలు: కనిష్ఠం, సగటు, గరిష్ఠం, జిఫీల్లో (కెర్నల్ టైమర్ టిక్కుల్లో). హెచ్‌జెడ్ 250 అయితే 250 జిఫీలు ఒక సెకను. మూడు అంకెలూ పెద్దవే అయి దగ్గర దగ్గరగా ఉంటే బూట్‌లో ఒకేసారి తీసుకున్నవి, వదిలేయండి. కనిష్ఠం చిన్నది, గరిష్ఠం రోజుల పాతది, సంఖ్య చూసిన ప్రతిసారీ పెరుగుతోంది అంటే అక్కడ ఆగండి.

ఏ ఖాతాకీ ఎక్కని పేజీలైతే పేజ్ ఓనర్ (ఏ పేజీని ఎవరు తీసుకున్నారో రాసిపెట్టే టూల్) కావాలి. కాన్ఫిగ్‌లో ఉన్నా బూట్ లైన్‌లో పేజ్ ఓనర్ ఈక్వల్ ఆన్ ఇస్తేనే పని చేస్తుంది. డీబగ్‌ఎఫ్ఎస్‌లోని పేజ్ ఓనర్ ఫైల్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి, కెర్నల్ సోర్స్‌లో టూల్స్ కింద ఉన్న పేజ్ ఓనర్ సార్ట్‌తో పేర్చితే ఒకే స్టాక్ ట్రేస్ ఉన్న పేజీలన్నీ ఒక గుంపుగా వస్తాయి.

రీబూట్ చేయడానికి వీల్లేని మెషీన్‌లో, నడుస్తున్న కెర్నల్‌ని పరిశీలించే బీసీసీ టూల్స్‌లోని మెమ్‌లీక్‌ని పీఐడీ ఇవ్వకుండా నడిపితే కెర్నల్ అలొకేషన్లే చూపిస్తుంది. ఓ ఆప్షన్‌కి 60000 ఇస్తే నిమిషం దాటినా విడుదల కానివి మాత్రమే వస్తాయి. తను మొదలవకముందు పోయిన మెమరీ దీనికి తెలియదు. ట్రాఫిక్ జోరుగా ఉన్నప్పుడు మెషీన్‌ని బాగా నెమ్మది చేస్తుంది కూడా, రద్దీ లేని వేళ ఐదు నిమిషాలు నడిపి ఆపేయండి.

కోడ్‌లో ఎక్కడ చూడాలి

ఫంక్షన్ దొరికాక ముందు ఎర్రర్ దారులు చదవండి. సవ్యంగా నడిచే దారిని అందరూ పరీక్షిస్తారు, లీకులు దాక్కునేది రిటర్న్ ఎర్రర్ అన్న చోటే. ఒక ప్రోబ్ ఫంక్షన్ (పరికరం దొరికినప్పుడు డ్రైవర్ దాన్ని సిద్ధం చేసేది) తీసుకోండి. కేజాలక్‌తో 170 బైట్ల స్ట్రక్చర్, కేఎస్‌టీఆర్‌డప్‌తో పది అక్షరాల పేరు, ఆ తర్వాత ఒక క్లాక్ కోసం అడగడం. క్లాక్ డ్రైవర్ ఇంకా లేవలేదు, ప్రోబ్ డిఫర్ అనే ఎర్రర్ వస్తుంది, ఫంక్షన్ ఆ ఎర్రర్‌నే నేరుగా తిరిగి ఇచ్చేస్తుంది. కెర్నల్ తర్వాత మళ్లీ ప్రోబ్ పిలుస్తుంది, మళ్లీ రెండు ముక్కలు పోతాయి. స్లాబ్‌ఇన్ఫోలో కేమాలక్-192, కేమాలక్-16 రెండూ సమానంగా పెరగడమే దీని ఆనవాలు. సరిచేయాలంటే గోటూ లేబుళ్లు తీసుకున్న వరసకి తలకిందులుగా రాయాలి: చివర తీసుకున్నది ముందు విడుదల. ప్రోబ్‌లో అయితే డెవ్‌ఎమ్ రకాలు వాడితే ఆ బాధే ఉండదు. 6.5 నుంచి క్లీనప్ హెడర్‌లో ఉన్న ఫ్రీ గుర్తుతో, స్కోప్ దాటగానే దానంతట అదే విడుదలయ్యేలానూ రాయొచ్చు. అప్పుడు పాయింటర్‌ని బయటికి ఇచ్చే చోట నో ఫ్రీ పీటీఆర్ పెట్టడం మరిచిపోతే లీక్ పోయి, అంతకంటే ప్రమాదకరమైన యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (విడుదల చేసిన మెమరీని మళ్లీ వాడటం) వస్తుంది.

తరచుగా దొరికే మరికొన్ని తప్పులు. కేరీఅలక్ ఫలితాన్ని పాత పాయింటర్‌లోనే పెట్టడం: అది నల్ ఇస్తే పాత బ్లాక్ చిరునామా చేజారిపోతుంది, కాబట్టి వేరే వేరియబుల్‌లో తీసుకోండి. కేఆబ్జెక్ట్ ఇనిట్ అండ్ యాడ్, డివైస్ రిజిస్టర్ విఫలమైనప్పుడు నేరుగా కేఫ్రీ పిలవడం: లోపల కేటాయించిన పేరు మిగిలిపోతుంది, కేఆబ్జెక్ట్ పుట్ లేదా పుట్ డివైస్ పిలవాలి. డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాల చెట్టులో) పిల్ల నోడ్లమీద లూప్ నడుపుతూ మధ్యలో బ్రేక్ చేయడం: ఆ నోడ్ రిఫరెన్స్ మీ చేతిలోనే ఉంది, ఓఎఫ్ నోడ్ పుట్ మీరే పిలవాలి. నెట్‌వర్క్ డ్రైవర్ ట్రాన్స్‌మిట్ ఫంక్షన్‌లో ప్యాకెట్‌ని పారేసి ఓకే చెప్పేటప్పుడు ఎస్‌కేబఫ్‌ని విడుదల చేయకపోవడం కూడా ఈ కోవలోదే.

సరిచేశాక

ఎర్రర్ దారి దానంతట అది రాదు, తెప్పించాలి. కావాలని అలొకేషన్లని విఫలం చేసే ఫెయిల్‌స్లాబ్ కాన్ఫిగ్‌తో కట్టిన కెర్నల్‌లో, డీబగ్‌ఎఫ్ఎస్‌లోని ఫెయిల్‌స్లాబ్ కింద ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్ ఫైల్‌లో ఎన్ అని రాసి, ప్రాక్‌లో ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లోని ఫెయిల్ ఎన్‌టీహెచ్ ఫైల్‌లో 1 రాస్తే తర్వాతి అలొకేషన్ విఫలమవుతుంది, 2 రాస్తే రెండోది. 1 నుంచి మొదలుపెట్టి, ఏదీ విఫలం కాకుండా పని పూర్తయ్యే దాకా అంకె పెంచుతూ పోతే ఆ దారిలోని అలొకేషన్ వైఫల్యాలన్నీ పరీక్షించినట్టే. ఇదంతా మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ పెట్టిన కెర్నల్‌లో చేయండి. లీక్ మూయబోయి ఒకే బ్లాక్‌ని రెండుసార్లు విడుదల చేయడం చాలా మామూలు తప్పు, కేఏశాన్ దాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది.

తర్వాత అంకెలతో నిరూపించండి. 4,096 బైట్ల పేజీలో 192 బైట్ల ఆబ్జెక్టులు 21 పడతాయి. పదివేలసార్లు చేసిన పనికి ఒక్కోసారి ఒక్కటి లీకైతే 477 పేజీలు, అంటే 1,908 కేబీ పెరగాలి. ప్యాచ్‌కి ముందు అంత పెరిగి, తర్వాత పెరగకపోతే మీరు పట్టుకున్నది సరైన లీకే. సగం తగ్గి సగం మిగిలితే రెండో లీక్ ఉంది. కొలిచే ముందు సిస్, కెర్నల్, స్లాబ్ కింద ఆ క్యాష్ ఫోల్డర్‌లోని ష్రింక్ ఫైల్‌లో 1 రాయండి. సీపీయూల చేతిలో ఉన్న స్లాబుల్లోని ఖాళీలని స్లబ్ వాడుకలో ఉన్నట్టే చూపిస్తుంది, అది చూసి భయపడనక్కర్లేదు. ఆర్‌సీయూ (చదువుతున్నవాళ్లు ముగించే దాకా విడుదల ఆపే పద్ధతి) ద్వారా విడుదలయ్యేవి ఆ ఆగే సమయం, అంటే గ్రేస్ పీరియడ్, దాటాకే పోతాయి కాబట్టి కొన్ని సెకన్లు ఆగి చూడండి.

ప్యాచ్ పంపేటప్పుడు లీక్‌ని తెచ్చిన కమిట్‌ని (కోడ్ మార్పుని) ఫిక్సెస్ ట్యాగ్‌లో 12 అక్షరాల హ్యాష్‌తో రాయండి. పాత స్టేబుల్ కెర్నళ్లలో ఏవేవి ఈ ప్యాచ్ తీసుకోవాలో తేల్చుకునేది దాన్నిబట్టే. ఆ కమిట్ ఏదో తెలియకపోతే గిట్ బైసెక్ట్ రన్‌కి (కమిట్లని సగం సగం చేస్తూ తప్పు వెతికే ఆదేశానికి) మీ కొలిచే స్క్రిప్ట్ ఇవ్వండి, వెయ్యి కమిట్లయినా దాదాపు పది మెట్లలో తేలిపోతుంది. పెరుగుదల పైన వేసిన లెక్కలో సగం దాటితే 1, లేకపోతే 0 తిరిగి ఇచ్చేలా రాయండి. కెర్నల్ కట్టకపోయినా, బూట్ కాకపోయినా 125 ఇవ్వాలి, అప్పుడు బైసెక్ట్ ఆ కమిట్‌ని మంచిదనో చెడ్డదనో అనుకోకుండా దాటేస్తుంది.